చేతులు నొప్పి పెట్టని రోజు

ఆట అయిపోగానే ఓవెన్ టార్పీ ముఖం కడుక్కునేవాడు కాదు, బూట్లు విప్పేవాడు కాదు. మైదానం వెనకున్న చెక్కల గదిలోకి వచ్చి, బల్ల మీద కూర్చున్న కాన్రాడ్ లుట్జ్ ముందు మోకాళ్ల మీద కూలబడి, "ఏదీ, చూపించు" అనేవాడు.

కాన్రాడ్ రెండు చేతులూ చాచేవాడు.

ఓవెన్ అమెరికాలోని హోలియోక్ ఊరి బేస్‌బాల్ జట్టుకి పిచర్. యాభై అడుగుల దూరం నుంచి బంతి విసిరేవాడు. కాన్రాడ్ క్యాచర్. బ్యాటు పట్టుకున్నవాడి వెనక నిలబడి, ఆ బంతిని ఉత్త చేతులతో పట్టేవాడు. చేతికి తొడుగు వేసుకున్న మగవాణ్ణి ఆ ఊళ్లో చంటిపిల్లాడికింద లెక్కగట్టేవాళ్లు. అందుకని సాయంత్రమయ్యేసరికి కాన్రాడ్ అరచేతులు తందూరులోంచి తీసిన రొట్టెల్లా పొంగి ఉండేవి. ఎడమచేతి ఉంగరపు వేలు రెండుసార్లు విరిగి, రెండుసార్లూ తనకు తోచిన దిక్కుకే అతుక్కుంది.

ఓవెన్ బొటనవేలితో వాపు మీద నొక్కేవాడు. తెల్లబడిన చోట ఎరుపు మెల్లగా తిరిగొచ్చేది. దాన్నే చూస్తూ, "నా వల్లే కదరా, డచ్చోడా" అనేవాడు. జర్మనీ నుంచి వచ్చిన వాళ్లందరినీ ఐరిష్ పేటలో అలాగే పిలిచేవాళ్లు. ఆ మాటలో సిగ్గు వినపడేది. సిగ్గు కింద ఇంకొకటి ఉండేది, చలికాలం కోటు లోపలి జేబులో దాచుకున్న వేడి బంగాళాదుంప లాంటిది. కాన్రాడ్‌కి దాని వెచ్చదనం తెలిసేది.

"ఇవాళ నీ చెయ్యి బాగుంది. నా చేతులు చూస్తే తెలియడంలా?" అనేవాడు కాన్రాడ్.

ఓవెన్ పుల్లటి సిర్కాలో ఉప్పు కలిపి, గుడ్డ ముంచి, ఒక్కొక్క వేలికీ చుట్టేవాడు. మూడేళ్లు, ఆట ఉన్న ప్రతి సాయంత్రం.

పేపర్ మిల్లుల ఊరు హోలియోక్. లోకంలో చిరిగిపోయిన చొక్కాలన్నీ పడవలెక్కి ఆ ఊరికి వచ్చి, తెల్లకాగితాలై వెళ్లిపోయేవి. ఓవెన్ వాళ్లమ్మ గుడ్డపీలికలు ఏరే గదిలో పనిచేసి, దగ్గుతూ ఇంటికి వచ్చేది. పధ్నాలుగో ఏట ఓవెన్ కాలవగట్టున బండి మీద నిలబడి, పీలికల మూటల్ని మూడో అంతస్తు కిటికీలోకి విసిరే పనిలో చేరాడు. మోకాలి పక్కనుంచి చెయ్యి ఊపి విసరాలి. కిటికీ ముందు ఓ ఇనుప దూలం అడ్డం. దాన్ని తప్పించడానికి మూట చెయ్యి విడిచే క్షణంలో మణికట్టు దగ్గర చిన్న మెలిక పెట్టేవాడు. మూట గాలిలో కాస్త ఆలోచించినట్టు ఆగి, పక్కకు వంగి, కిటికీలోకి దూరేది. లోపలి ఆడవాళ్లు నవ్వేవాళ్లు. అలా ఐదేళ్లు గడిచాక ఎవరో అతని చేతికి బంతి ఇచ్చారు. అదీ వంగింది.

ఉన్నిమిల్లు రంగులగదిలో పనిచేసే కాన్రాడ్ అతన్ని మొదటిసారి చూసింది చర్చి పిక్నిక్‌లో. అప్పటికే ఇద్దరు క్యాచర్లు చేతులు ఊదుకుంటూ గడ్డి మీద కూర్చున్నారు.

"ఇంకెవరైనా ఉన్నారా, ఎముకలు మిగిలినవాళ్లు?" అని అరిచాడు ఎవరో.

కాన్రాడ్ తింటున్న సాసేజీ నోట్లోనే ఉంచుకుని ముందుకు వచ్చాడు. మొదటి బంతి ఛాతీకి తగిలింది. రెండోది పట్టాడు. ఆ రోజు ఆఖర్న ఓవెన్ వచ్చి, "ఏదీ, చూపించు" అన్నాడు. గోళ్లలో నీలిరంగు ఇంకిన ఆ చేతుల్ని చూసి, "నేనింత గట్టిగా కొట్టానా, నీలంగా కమిలిపోయాయి" అని భయపడ్డాడు. కాన్రాడ్ నవ్వాడు. అప్పటినుంచి ఇద్దరూ ఒకే చేతికి రెండు కొసలు.

మరుసటి ఏడు ఊరి క్లబ్బు ఇద్దరిచేతా సంతకాలు పెట్టించుకుంది. ఆట ఇక వాళ్ల పని. క్లబ్బు వదిలేదాకా ఇంకే ఊరికీ ఆడకూడదు. విసరనని మొండికేస్తే ఆ మాట అన్ని క్లబ్బులకీ ఉత్తరాల్లో వెళుతుంది, ఇక ఎవరూ పిలవరు. ఓవెన్ వాళ్లమ్మ పీలికల గది మానేసింది. కిటికీ దగ్గర కూర్చుని కొడుకు వచ్చే దారి చూస్తూ, ఊళ్లో అందరికీ "మావాడికి ఆడుకోవడమే ఉద్యోగం" అని చెప్పుకునేది.

1884 వేసవిలో ఆట నిబంధన మారింది. అంతవరకూ విసిరే చెయ్యి భుజం దాటకూడదు. ఇక తలపై నుంచి కూడా విసరవచ్చన్నారు.

"పైనుంచి వెయ్యి ఓవెన్, కాలం మారింది" అన్నాడు కెప్టెన్ హాలెట్. అతను మంచివాడే. గుర్రాల వ్యాపారం చేసి వచ్చాడు. దేన్నయినా తోలితే నడుస్తుందని నమ్మేవాడు.

ఓవెన్ పైనుంచి వేశాడు. ఆ మొదటి వారాలు కాన్రాడ్ జన్మలో మరచిపోలేదు. బంతి కనిపించేది కాదు, వినిపించేది. రాత్రి భోజనంలో చెంచా పట్టుకోలేక, భార్య తెక్లా తినిపిస్తుంటే నోరు తెరిచి కూర్చునేవాడు. "చంటిపిల్ల లేని లోటు తీర్చావు" అనేది ఆవిడ.

జూన్‌లో రెండో పిచర్ చెప్పాపెట్టకుండా వేరే ఊరి జట్టుకి పారిపోయాడు. అప్పటినుంచి ఉన్న ప్రతి ఆటా ఓవెనే విసిరాడు. సోమవారం విసిరి, మంగళవారం విసిరి, రైల్లో కూర్చునే నిద్రపోయి, దిగి, మళ్లీ విసిరాడు. భుజానికి గుర్రాలకి పూసే నూనె రాశారు. బాతుకొవ్వు రాశారు. ఓ డాక్టరు పెట్టెలోంచి తీగలు తీసి కరెంటు పెట్టి, "రక్తం నిద్రపోయింది, లేపుతున్నా" అన్నాడు. రక్తం లేవలేదు.

"రెండ్రోజులు ఆపితే సర్దుకుంటుంది, కెప్టెన్" అన్నాడు ఓవెన్ ఓ ఉదయం.

"ఆపితే ఎవడు విసురుతాడు? మా ఆవిడా? తను వేస్తే బాగానే వేస్తుంది, కాకపోతే అన్నీ నా తలకే తగులుతాయి." హాలెట్ నవ్వి, ఓవెన్ వీపు తట్టాడు. "రేపు ఎండ బాగా కాస్తుందంటున్నారు. ఎండకి కండ కరుగుతుంది."

ఓవెన్ ఎడమచేత్తో తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా చూస్తే, "రెండో చెయ్యి కూడా పని నేర్చుకోవాలిగా" అనేవాడు.

జూలై ఆఖర్లో, వూస్టర్ జట్టుతో ఆట ముగిసి గదివైపు నడుస్తూ, కాన్రాడ్ తలుపు గొళ్లెం తీయబోయి ఆగిపోయాడు. గొళ్లెం చల్లగా తగిలింది. గొళ్లెం చల్లదనం అరచేతికి తెలిసి ఎన్నాళ్లయిందో. చేతులు తిప్పి చూసుకున్నాడు. పాలిపోయి ఉన్నాయి. వేళ్లు ముడిచాడు, ముడుచుకున్నాయి. తెరిచాడు, తెరుచుకున్నాయి. ఎక్కడా నొప్పి లేదు.

తొమ్మిది ఇన్నింగ్స్ పట్టిన చేతులు అవి.

గెలిచిన ఆట అది. ఎదుటివాళ్లు సరిగా ఆడకపోబట్టి గెలిచారు. జనం ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు. ఓవెన్ మైదానంలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఇంకో నిమిషంలో వస్తాడు. వచ్చి మోకాళ్ల మీద కూర్చుని "ఏదీ, చూపించు" అంటాడు. ఈ తెల్లటి చేతుల్ని చూస్తాడు.

కాన్రాడ్ గది వెనక్కి వెళ్లాడు. అక్కడ కంచెకి పాతిన పైన్ కొయ్య స్తంభం ఉంది. చుట్టూ చూసి, కుడి అరచేతిని దాని మీద గట్టిగా చరిచాడు. ఎడమది చరిచాడు. ఎరుపెక్కేదాకా, ఆ ఎరుపు కింద పాత మంట మేలుకునేదాకా, పదిహేను ఇరవైసార్లు. తర్వాత వచ్చి బల్ల మీద తన చోట కూర్చున్నాడు.

ఓవెన్ బొటనవేలితో నొక్కి చూశాడు. "ఇవాళ బాగానే పడింది కదూ?"

"ప్రాణం తీశావు" అన్నాడు కాన్రాడ్.

ఓవెన్ ముఖంలో దీపం వత్తి కాస్త పైకి తిప్పినట్టయింది. గుడ్డ ముంచడానికి వంగినప్పుడు అతని కుడిచెయ్యి గిన్నెదాకా వెళ్లలేదు, ఎడమది వెళ్లింది. ఇద్దరూ అది చూడనట్టే ఉన్నారు.

ఆగస్టు అంతా అలాగే గడిచింది. ఆట మైదానంలో ఒకటి, స్తంభం దగ్గర ఇంకొకటి. ముందు సంతోషించింది తెక్లాయే. మొగుడు తన చొక్కా గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, రై రొట్టె తనే కోసుకుంటున్నాడు. కానీ ఓ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ అతని చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బంతి వేళ్ల మొదట్లో కదా తగిలేది. నీకు మణికట్టు దగ్గర కమిలిందేం?"

కాన్రాడ్ చెప్పేశాడు. చెప్పాక, కొట్టుకుంటున్నది తన చేతుల్ని కాదన్నట్టు, ఎవరివో చేతుల గురించి చెప్పినట్టు అనిపించింది.

"అతనికి చెప్పు, కాన్రాడ్."

"ఏమని చెప్పను? ఆపమనా? ఆపితే రేపే పంపించేస్తారు. వెయ్యమనా? వేస్తే ఆ ఉన్న చెయ్యి కూడా పోతుంది. ఏది చెప్పినా చెయ్యి అతనిది, మాట నాది."

"అయితే ఏం చేస్తావు?"

"చరుస్తున్నాగా" అన్నాడు కాన్రాడ్.

సాయంత్రం తెక్లా క్యాబేజీ పచ్చడి జాడీలోంచి పుల్లటి నీళ్లు గిన్నెలోకి వంచి, అతని చేతులు పట్టుకుని అందులో ముంచింది.

ఇంకో ఉపాయం కూడా కాన్రాడ్‌కి తెలుసు. బంతి జోరుగా వస్తే క్యాచర్ దూరంగా నిలబడతాడు. జోరు తగ్గితే దగ్గరికి జరగవచ్చు. అతను ఒక్క అడుగైనా దగ్గరికి జరగలేదు. ఆఖరికి బంతి అలసిపోయి అతనికి రెండడుగుల ముందే నేల మీద పడుతుంటే, ముందుకు ఉరికి తీసుకుని, మళ్లీ వెనక్కి తన పాత చోటికే వెళ్లి నిలబడేవాడు.

"ఏయ్ డచ్చోడా, అంత దూరంలో ఎందుకు? అక్కడ బీరు పోస్తున్నారా?" అని జనంలోంచి కేకలు.

"వాళ్లావిడ కేకేస్తే వినపడాలి కదా మరి!"

కాన్రాడ్ టోపీ ఎత్తి వాళ్లకి దణ్ణం పెట్టేవాడు. నవ్వుతున్నంతసేపూ ఎవరూ లెక్క వెయ్యరు.

ఆగస్టు ఆఖరి వారంలో ఓ సాయంత్రం ఓవెన్ అతని చేతులు నొక్కి చూస్తూ చూస్తూ ఆగాడు. కుడి అరచెయ్యిని కిటికీ వెలుతురువైపు తిప్పాడు. చర్మం కింద సన్నగా, నల్లగా ఓ గీత.

"కదలకు" అన్నాడు.

కోటు మడతలోంచి సూది తీసి, ఎడమచేత్తో, చాలా నెమ్మదిగా ఆ గీత కొసని పైకి లేపాడు. పళ్లతో అందుకుని లాగాడు. కొయ్యముల్లు. వడ్లగింజంత పొడవు, ఇంకా పైన్ జిగురు వాసన వేస్తోంది.

బంతి గుర్రపు తోలుది. లోపల నూలు, దాని లోపల రబ్బరు. కొయ్య ఎక్కడా ఉండదు.

ఓవెన్ ఆ ముల్లుని వేలికొసన పెట్టుకుని చూశాడు. తెరిచిన తలుపులోంచి కంచె కనబడుతోంది. కాన్రాడ్ నోటిదాకా వచ్చిన అబద్ధం ఒకటుంది, బ్యాటు పెచ్చు లేచిందని. అది అడిగితేనే కదా చెప్పేది. ఓవెన్ అడగలేదు. ముల్లుని ఊది పారేసి, గుడ్డ ముంచి, వేలు వేలుకీ చుట్టాడు. ఆ రోజు ముడి కాస్త మెత్తగా వేశాడు.

సెప్టెంబరు మొదటి శనివారం బ్రాక్టన్ జట్టు వచ్చింది. నాలుగో ఇన్నింగ్స్‌లో వాళ్ల మనిషి పరుగుకి ఆఖరి మజిలీ అయిన మూడో బేస్ చేరాడు. బంతి క్యాచర్ చెయ్యి జారితే చాలు, పరుగు వచ్చేస్తుంది. అప్పుడు క్యాచర్ బ్యాటు వెనకే, ఊపిరి తగిలేంత దగ్గర నిలబడాలి. అది తప్పించుకోవడానికి ఏ ఉపాయమూ లేదు. కాన్రాడ్ వెళ్లి నిలబడ్డాడు.

బంతి ఎత్తులో కావాలో కిందుగా కావాలో చెప్పే హక్కు బ్యాటు పట్టినవాడిది. "కిందుగా" అన్నాడు వాడు అంపైర్‌తో. ఓవెన్ చెయ్యి పైకెత్తాడు. ఎత్తినప్పుడు అతని పెదవి కొరికినట్టు వంకరపోవడం కాన్రాడ్ ఒక్కడే చూశాడు. బంతి వచ్చింది. దారిలో దాని కుట్లు లెక్కపెట్టుకోవచ్చు.

వాడు కొట్టలేదు. ఆశ్చర్యపోయి వదిలేశాడు. కాన్రాడ్ పట్టుకున్నాడు. చప్పుడు రావాలని రెండు చేతులూ గట్టిగా తట్టాడు. ఆ చప్పుడుకి వాడు మోసపోలేదు. తలతిప్పి, కాన్రాడ్ చేతులవైపు చూసి, మెల్లగా, దాదాపు జాలిగా అడిగాడు:

"ఎన్నాళ్ల నుంచిరా ఇలా?"

వాడు తన వాళ్లకేసి చూసి రెండు వేళ్లు ఊపాడు. ఇక తర్వాత వచ్చినవాడల్లా కొట్టాడు.

కాన్రాడ్ హాలెట్ దగ్గరికి పరిగెత్తాడు. "కెప్టెన్, మార్చండి. ఇంకెవరైనా వెయ్యనీ."

"ఎవర్ని మార్చను? ఆట మొదలయ్యాక బయటివాణ్ణి దింపాలంటే ఒకడి ఎముకన్నా విరగాలి, అదీ ఎదుటి కెప్టెన్ ఒప్పుకోవాలి. ఉన్న తొమ్మిదిమందిలో వెయ్యగలిగినవాడు నీకెవడన్నా కనపడుతున్నాడా?"

"అతని చెయ్యి పోయింది."

"తెలుసు" అన్నాడు హాలెట్. నేలవైపు చూశాడు. "నాకు గుర్రాలు తెలుసు లుట్జ్. ఎప్పుడో తెలుసు. కొత్తవాడికి టెలిగ్రాం ఇచ్చా, సోమవారం వస్తాడు. అప్పటిదాకా ఇది నడవాలి. నువ్వెళ్లి నిలబడు."

కాన్రాడ్ వెళ్లి నిలబడ్డాడు. చెయ్యడానికి అంతకుమించి ఏమీ లేదు. పరుగులు పదకొండయ్యాయి, పధ్నాలుగయ్యాయి. జనం మొదట తిట్టారు, తర్వాత నవ్వారు, తర్వాత ఒక్కొక్కరే లేచి వెళ్లిపోసాగారు. అది అన్నిటికన్నా కష్టంగా ఉంది.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఓవెన్ చెయ్యి ఇక పైకి లేవలేదు. బంతి పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాడు. కంచె అవతల మిల్లుల పొగగొట్టాల కేసి, ఎక్కడో ఓ మూడో అంతస్తు కిటికీ కేసి చూస్తున్నట్టు. తర్వాత మోకాలి పక్కనుంచి చెయ్యి ఊపి, మూటని విసిరినట్టు విసిరాడు.

బంతి గాలిలో కాస్త ఆలోచించినట్టు ఆగి, పక్కకు వంగింది. కొట్టబోయినవాడు బోర్లా పడబోయి తమాయించుకున్నాడు. మళ్లీ విసిరాడు. మళ్లీ వంగింది. వాడూ, ఆ తర్వాతి వాడూ అవుటయ్యారు. వెళ్లిపోతున్న జనంలో కొందరు మెట్ల మీదే ఆగిపోయారు. కాన్రాడ్‌కి ఆశపడటానికి భయమేసింది.

మూడోవాడు ముసలి ఆటగాడు. పాత రోజులు చూసినవాడు. వంపు ఎక్కడ ముగుస్తుందో అక్కడికి ఓ అడుగు జరిగి నిలబడి కొట్టాడు. బంతి కంచె దాటి కాలవలో పడింది. దాన్ని తీసుకొచ్చి, తుడిచి, తడి బంతినే మళ్లీ ఓవెన్ చేతికిచ్చారు. ఆట ముగిసేదాకా ఒకటే బంతి.

సోమవారం కొత్త పిచర్ వచ్చాడు. సిల్వెస్టర్ ప్రౌట్ అని, వెర్మాంట్ కొండల్లోంచి వచ్చిన పొడుగాటి మనిషి. ఓవెన్‌ని కుడివైపు మైదానం చివర, ఎవరూ బంతి కొట్టని మూల నిలబెట్టారు. ఎండ కళ్లలో పడుతుంటే ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, తన గడిలో ఇంకొకడు నిలబడి విసరడం అతను చూశాడు. ఇక్కడ కాన్రాడ్ చేతుల్లో మంట మొదలైంది. ప్రౌట్ బంతి వినిపించేది. ఒక్కో బంతికీ పాత నొప్పి పాత ఇంటికి వచ్చినట్టు వేళ్లలోకి వచ్చి కూర్చుంది. చేతులు దాచుకోవాలనిపించింది కాన్రాడ్‌కి. ఆ పొంగిన చేతులతో గదిలోకి ఎలా వెళ్లడం?

వెళ్లాడు. ఓవెన్ అప్పటికే గిన్నెలో సిర్కా పోసి ఉంచాడు.

"ఏదీ, చూపించు."

కాన్రాడ్ చేతులు ఇవ్వలేదు. ఓవెనే తీసుకున్నాడు. బొటనవేలితో నొక్కాడు. తెల్లబడింది, ఎరుపు తిరిగొచ్చింది. చాలాసేపు చూశాడు.

"మర్చిపోయాను. ఇలా ఉంటుంది కదూ అసలు వాపు" అన్నాడు.

"ఓవెన్—"

"కొయ్య వాపు అంచుల్లో ఉంటుందిరా డచ్చోడా. నీకు అబద్ధం ఆడటం కూడా సరిగా రాదు." గుడ్డ ఒక కొసని పళ్లతో పట్టుకుని, ఎడమచేత్తో చుట్టసాగాడు. "ఆ ముల్లు తీసిన రోజు నీకు చెబుదామనుకున్నా, ఇక చరుచుకోకు అని. చెబితే నువ్వు మానేస్తావు. మానేస్తే నాకు సాయంత్రాలు ఏముంటుంది?"

శనివారం అతన్ని పంపించేశారు. మూటలు విసరడానికి చెయ్యి లేదు కాబట్టి, మిల్లువాళ్లు కాలవ తూముల దగ్గర తలుపులు ఎత్తే దించే పని ఇచ్చారు. చక్రం ఎడమచేత్తో తిప్పినా తిరుగుతుంది. వాళ్లమ్మ మళ్లీ పీలికల గదికి వెళ్లింది. ఆటల రోజున ఓవెన్ మైదానం లోపలికి రాలేదు. ఆరింటికి గేటు బయట కాలవగట్టు మీద కూర్చుని ఉండేవాడు. కాన్రాడ్ వచ్చి పక్కన కూర్చుని చేతులు చాచేవాడు. అతను నొక్కి చూసి, "ఆ ప్రౌట్ పోకిరీ గట్టివాడే" అనేవాడు. అలా రెండు వేసవులు.

మూడో వేసవిలో, జూలై నెలలో, ఓ సాయంత్రం ఓవెన్ నొక్కాడు, ఆగాడు, మళ్లీ నొక్కాడు. అరచెయ్యి పాలిపోయి ఉంది. బొటనవేలి కింద తెల్లబడటానికి అక్కడ ఎరుపే లేదు. కాలవ నీళ్లు తూములోంచి కిందికి దూకుతున్నాయి.

"ప్రౌట్‌కి తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలిసినట్టు లేదు. నిన్న భుజానికి బాతుకొవ్వు అడిగాడు."

"నువ్వేమన్నా చెప్పావా?"

"ఏం చెప్పను?"

ఓవెన్ తల ఊపాడు. పక్కనున్న సిర్కా గిన్నె ముట్టుకోలేదు ఆ రోజు, దానితో పని లేదు. ఆ రెండు చేతుల్నీ తన ఎడమచేతిలోనే పట్టుకుని, మైదానం వెనకున్న కంచెవైపు చూశాడు. స్తంభం అక్కడే ఉంది, ఒకచోట నున్నగా అరిగి.

"వాడు నీ చేతులు చూస్తాడా?"

"చూడడు. ముఖం కడుక్కుని వెళ్లిపోతాడు."

తూము తలుపు దించే వేళయింది, ఓవెన్ లేవాలి. లేవలేదు.

"పాపం" అన్నాడు.

ఎవరిని అన్నాడో కాన్రాడ్ అడగలేదు.